ఇరవై ఏళ్ళు దాటినా ఊ కొట్టిస్తున్న గేమ్: ప్రిన్స్ ఆఫ్ పర్షియా, ద శాండ్స్ ఆఫ్ టైమ్

ముందే చెప్పేస్తున్నాను, కథ చెప్పే విషయంలో ఈ గేమ్‌ని మించింది నేను ఇంతవరకు ఆడలేదు. 2003 చివర్లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద శాండ్స్ ఆఫ్ టైమ్ గురించి మాట్లాడుతున్నాను. ఈమధ్య సేల్‌లో కొనుక్కుని మొదటినుంచి చివరిదాకా మళ్ళీ ఆడాను. పాత గేమ్స్ మళ్ళీ ఆడితే ఏమవుతుందో చాలామందికి అనుభవమే, మనసులో ఉన్న బొమ్మ ఒకటి, స్క్రీన్ మీద కనపడేది ఇంకొకటి, పది నిమిషాల్లో మూసేసి ఇంక దాని జోలికి పోకూడదనిపిస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. మొహాల్లో కదలిక తక్కువే, ఫైట్లు కొన్నిచోట్ల విసిగించాయి, కెమెరా అయితే చాలాసార్లు నన్ను తీసుకెళ్ళి గోతిలో పడేసింది, అయినా రాత్రి ఒంటిగంట దాటాక కూడా లేవబుద్ధి కాలేదు. ఎందుకో వివరంగా రాయాలనిపించింది. కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. అసలు ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989లో యాపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చింది, చేసింది జోర్డాన్ మెక్నర్ అనే కుర్రాడు. తన తమ్ముడి చేత పరిగెత్తించి, దూకించి వీడియో తీసి, అందులోంచి ఒక్కో ఫ్రేమూ చూసి గీసి ఆ తెల్లబట్టల బొమ్మకి నడక నేర్పించాడు. అందుకే అంత చిన్న బొమ్మ గోడ అంచు పట్టుకుని వేలాడుతుంటే మన భుజాలు లాగేవి. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో డాస్ నేర్చుకున్న అన్నయ్యలని అడగండి, అరవై నిమిషాల్లో రాకుమారిని విడిపించాల్సిన ఆ గేమ్ గురించి ఇప్పటికీ చెప్తారు. 1999లో త్రీడీలో ఒకటి వచ్చింది కానీ నిలబడలేదు. తర్వాత మాంట్రియల్‌లోని యూబీసాఫ్ట్ స్టూడియో ఆ పేరుని చేతిలోకి తీసుకుని అంతా కొత్తగా మొదలుపెట్టింది. పాట్రిస్ డెజిలే క్రియేటివ్ డైరెక్టర్, కథ రాయడానికి మెక్నర్ స్వయంగా వచ్చాడు. ఆయన రాకపోయి ఉంటే ఇది ఇంకో దూకుడు గేమ్‌గా మిగిలిపోయేదని నా గట్టి నమ్మకం.

మా తరం వాళ్ళలో చాలామంది దీన్ని నెట్ సెంటర్లలోనే చూశారు. ఇంట్లో సిస్టమ్ ఉన్నవాళ్ళకి కూడా ఒక చిక్కు ఉండేది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద ఇది ఓపెన్ అయ్యేది కాదు. త్రీడీ అనలైజ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ సీడీల్లో చేతులు మారుతూ ఉండేది, అందులో ఏ గడిలో టిక్కు పెడితే గేమ్ నడుస్తుందో తెలిసినవాడికి వీధిలో మంచి గిరాకీ. అలా నడిపిస్తే నత్తనడకగా పోయేది, కొన్నిచోట్ల రంగులు తేడాగా వచ్చేవి, అయినా ఆడేవాళ్ళం. ఒకడు ఆడుతుంటే వెనకాల నలుగురు నించునేవాళ్ళం. రాకుమారుడు ఇంగ్లీషులో ఏదో చెప్తూనే ఉంటాడు కదా, మాలో ఇంగ్లీషు కాస్త వచ్చినవాడు దాన్ని మాకు తెలుగులో చెప్పేవాడు, తనకి అర్థం కానిచోట సొంతంగా అల్లేసేవాడు. ఇప్పుడు ఆడుతుంటే తెలిసింది, వాడు చెప్పినదాంట్లో సగం గేమ్‌లో లేనే లేదు. వాడు చెప్పిన కథ కూడా బాగానే ఉండేది, ఆ మాట వాడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇక కథ. షారమన్ అనే పర్షియా రాజు కొడుకునీ సైన్యాన్నీ వెంటబెట్టుకుని అజాద్ అనే చోటి సుల్తాన్ దగ్గరికి పోతూ, దారిలో మన దేశంలో ఒక మహారాజు కోట మీద పడతాడు. ఆ మహారాజు కొలువులోని వజీరే ద్రోహం చేస్తాడు. నాన్న దగ్గర మెప్పు కొట్టెయ్యాలని రాకుమారుడు అందరికంటే ముందు ఖజానాలోకి దూరి ఒక బాకు పట్టుకొస్తాడు. దాంతోపాటు మనిషికి పది నిలువులున్న ఇసుక గడియారమూ, మహారాజు కూతురు ఫరా కూడా కొల్లసొమ్ములో భాగంగా అజాద్ చేరతారు. అక్కడ వజీరు మాయమాటలు చెప్పి ఆ బాకుతో గడియారాన్ని తెరవమంటాడు, రాకుమారుడు వెనకా ముందూ చూడకుండా తెరుస్తాడు. అంతే, లోపలి ఇసుక తుఫానై లేచి కోటలో ఉన్నవాళ్ళందరినీ, కన్నతండ్రితో సహా, ఇసుక పిశాచాలుగా మార్చేస్తుంది. మనుషులుగా మిగిలేది ముగ్గురే. బాకు ఉంది కాబట్టి రాకుమారుడు, మెడలో పతకం ఉంది కాబట్టి ఫరా, చేతికర్ర ఉంది కాబట్టి వజీరు.

అంటే లోకానికి పట్టిన చేటు హీరో చేసిందే. అతను ఎవర్నో ఉద్ధరించడానికి బయలుదేరలేదు, తన చేతులతో చేసిన నాశనాన్ని తనే సరిదిద్దుకోవడానికి తిరుగుతున్నాడు. అప్పట్లో మాకు ఇది తట్టలేదు. ఇంకో సంగతి కూడా తట్టలేదు, మొదటి లెవెల్లో మనం చేసేది మన దేశపు రాజు కోటని దోచుకోవడం. కాలిపోతున్న గోడల మీద పరిగెడుతూ, కోటని కాపాడుకుంటున్న వాళ్ళని నరుకుతూ, ఖజానా దాకా పోతాం, పోయి జెండా పాతినంత సంబరపడతాం. ఇప్పుడు ఆడుతుంటే మాత్రం గుచ్చుకుంది. గేమ్ కూడా అది గుచ్చుకోవాలనే అలా పెట్టిందనుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత ఫరా కలిశాక ఆమె అతన్ని వెంటనే నమ్మదు. ఎందుకు నమ్మాలి? ఆమె కళ్ళకి అతను తన ఊరిని కొల్లగొట్టిన మూకలో ఒకడు. వాళ్ళిద్దరి మధ్య నడిచే ప్రతి మాటా ఆ మొదటి లెవెల్ బరువు మోస్తూనే ఉంటుంది. మనం స్వయంగా ఆడిన లెవెల్ కాబట్టి ఆ బరువు మన మీద కూడా ఉంటుంది.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. గేమ్ మొదలవ్వగానే రాత్రిపూట ఒక బాల్కనీలో రాకుమారుడు నించుని ఉంటాడు. తెర తప్పించి లోపలికి అడుగుపెడితే కథ మొదలవుతుంది. కాలం ఒకే వైపు పారే నది అనుకుంటారు అందరూ, కాదు, నేను దాని మొహం చూశాను, అది తుఫానులో ఉన్న సముద్రం, కూర్చోండి, మీరెప్పుడూ వినని కథ చెప్తాను అని మొదలుపెడతాడు. ఎవరితో చెప్తున్నాడో తెలియదు. మనతోనే అనుకుంటాం. అక్కణ్ణుంచి మనం ఆడేదంతా అతను చెప్తున్న కథే. జరిగిపోయిన సంగతి.

మరి జరిగిపోయిన సంగతిలో హీరో మధ్యలో చచ్చిపోతే ఎలా? చెప్తున్నవాడు బతికే ఉన్నాడు కదా. ఈ గేమ్ దీనికి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించేంత ఇష్టం. మీరు గురి తప్పి లోయలో పడి చచ్చారనుకోండి, వెంటనే అతని గొంతు వినిపిస్తుంది, కాదు కాదు, అలా జరగలేదు, మళ్ళీ మొదలుపెట్టనా అని. మన చావు కథకుడి నోట తప్పిపోయిన ఒక వాక్యం, అంతే. చిన్నప్పుడు మంచం మీద పడుకుని కథ వింటుంటే మామ్మ నిద్రమత్తులో రాకుమారుణ్ణి పులి తినేసిందనేసేది, మనం లేచి కూర్చుని అదేంటి మామ్మా అంటే, లేదు లేదు తినలేదు, ఊ కొట్టు, చెప్తాను అనేది. అచ్చం అదే. మిగతా గేమ్స్‌లో చస్తే గేమ్ ఓవర్ అని ఎర్రక్షరాలు పడతాయి, కథ అక్కడ తెగిపోయి, మళ్ళీ లోడ్ అయ్యాక అతుక్కుంటుంది. ఇందులో కథ ఒక్కసారి కూడా తెగదు. సేవ్ చేస్తే, ఈసారి ఇక్కణ్ణుంచి చెప్తాను అంటాడు. మధ్యలో మూసెయ్యబోతే, కథ పూర్తికాకుండానే నన్ను వెళ్ళిపొమ్మంటారా అని అడుగుతాడు. క్విట్ బటన్ నొక్కడానికి చెయ్యి రాదు. సేవ్, లోడ్, క్విట్, చావు, ఇవి ప్రతి గేమ్‌లో ఉండే సామాన్లే, వాటిని కూడా కథలోకి లాక్కున్నారు. ఇంత శ్రద్ధ ఈ రోజుల్లో కోట్లు పోసి చేసే వాటిల్లో కూడా నాకు కనపడటం లేదు.

ఆ గొంతు గురించి కూడా చెప్పాలి. యూరీ లోవెన్‌తాల్ మాట్లాడాడు. కథ చెప్తున్న రాకుమారుడి గొంతు, కథ లోపలున్న రాకుమారుడి గొంతు ఒకటి కాదు. లోపలివాడు పొగరుబోతు, తొందరపాటు మనిషి, తండ్రి గొప్ప చెప్పుకునే పిల్లాడు. చెప్తున్నవాడు దెబ్బతిని నెమ్మదించినవాడు, ఆ పిల్లాడి మాటలకి తనే సిగ్గుపడుతున్నట్టు ఉంటాడు. మొదటి గంటలోనే ఈ తేడా చెవికి తెలుస్తుంది, ఈ పిల్లాడు ఆ మనిషి ఎలా అయ్యాడు అనే ప్రశ్న అక్కడే పుడుతుంది, చివరిదాకా మనల్ని లాక్కెళ్ళేది అదే. ఇన్ని మాటలు చెప్పిన మనిషి తన పేరు మాత్రం ఎక్కడా చెప్పడు, గేమ్ అంతా వెతికినా రాకుమారుడికి పేరు లేదు. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు అని వింటూ పెరిగినవాళ్ళకి అది లోటుగా అనిపించదు.

కాలాన్ని వెనక్కి తిప్పడం ఈ గేమ్‌కి పేరు తెచ్చిన విద్య. బాకులో ఇసుక ఉన్నంతసేపు ఒక బటన్ నొక్కి పట్టుకుంటే జరిగింది పది సెకన్ల దాకా వెనక్కి పోతుంది. పడిపోయినవాడు గాల్లోకి లేచి, దూకిన గట్టు మీదికి వెనకడుగుతో వచ్చి నించుంటాడు, మాటలు తిరగబడి వినిపిస్తాయి, తెర అంచులు మసకబారతాయి. బటన్ ఎప్పుడు వదలాలో మన ఇష్టం. ఇప్పుడు రేసింగ్ గేమ్స్‌లో కూడా రివైండ్ ఉంది కాబట్టి కొత్తవాళ్ళకి ఇది మామూలుగా అనిపించవచ్చు, కానీ ఇందులో ఇసుక లెక్కగా ఉంటుంది, అయిపోతే అయిపోయినట్టే. ఆ ఇసుక ఎక్కణ్ణుంచి వస్తుంది? పడగొట్టిన పిశాచానికి బాకు గుచ్చి లాక్కోవాలి, లాక్కోకపోతే అది మళ్ళీ లేస్తుంది. ఆ పిశాచాలు నిన్నటిదాకా కోటలో మనుషులు. మన తప్పు దిద్దుకోవడానికి వాడే ప్రతి క్షణమూ, మన తప్పు వల్లే చచ్చినవాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్నదే. గేమ్ దీన్ని నోరు విప్పి చెప్పదు. సొంత తండ్రి పిశాచమై ఎదురొచ్చినప్పుడు, అతనితో పోరాడి పడగొట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం మనకే తెలిసిపోతుంది.

సాహసాల సంగతి. గోడ మీద అడ్డంగా పరిగెత్తడం మొదటిసారి చూసిన రోజుల్లో అందరం కేకలు పెట్టాం. ఇప్పటికీ ఆ హాయి తగ్గలేదు. గోడ మీద నాలుగడుగులు పరిగెత్తి, చివర్లో వెనక్కి తన్ని, దూలం పట్టుకుని ఊగి, ఎదుట ఉన్న స్తంభాన్ని కావిలించుకుని, దాని చుట్టూ తిరిగి, అక్కణ్ణుంచి ఇంకో గట్టు మీదికి, ఇదంతా ఒక్క ఊపులో పోతుంది. ఈరోజుల్లో వచ్చేవాటిల్లో ఒక్క బటన్ పట్టుకుంటే మనిషే ఎక్కేస్తాడు, ఇందులో ప్రతి అడుగూ మనమే వెయ్యాలి, ఎక్కడ దూకాలో మనమే చూసుకోవాలి. పైగా గదిలోకి వెళ్ళగానే దారి కనపడదు. నించుని, తలెత్తి, ఆ పగుల్లోంచి ఆ కర్ర, ఆ కర్ర మీంచి ఆ గూడు అని కళ్ళతో ముందు ఎక్కి, తర్వాత ఒంటితో ఎక్కాలి. సేవ్ చేసే ఇసుక సుడిలోకి అడుగు పెడితే ముందు జరగబోయేది ముక్కలు ముక్కలుగా కళ్ళ ముందు మెరుస్తుంది, దాంట్లోనే దారి ఎలాగో సూచన ఉంటుంది. అది కూడా కథకి అతికినట్టు ఉంది చూడండి, చెప్పేవాడికి ముందు జరిగేది తెలుసు కదా, అందుకే మనకి రవ్వంత చూపించాడు.

నాకు బాగా నచ్చిన చోటు ఒకటి. గేమ్ మొదట్లోనే, కోటలో ఇంకా మనిషిగానే ఉన్న ఒక సైనికుడు కనపడతాడు. కోట రక్షణ యంత్రాన్ని తిప్పమని, అలా చేస్తే పిశాచాలు లోపలికి రావని చెప్తాడు. పెద్ద గుండ్రటి హాలు, నేల మీద తిప్పే చక్రాలు, వాటిని ఏ వరసలో తిప్పాలో అతను పటం చూస్తూ పైనుంచి కేకలేసి చెప్తుంటే మనం కింద తిప్పాలి, కడ్డీలు కలపాలి. ఇది తెమలడానికి చాలాసేపు పడుతుంది, కొంతమందికి విసుగు కూడా. తీరా అది తిరిగాక ఏమవుతుంది? గోడల్లోంచి రంపాలు, నేలలోంచి శూలాలు, ఊగే గొడ్డళ్ళు, కోట అంతా కదలడం మొదలవుతుంది. అక్కణ్ణుంచి చివరిదాకా మనల్ని చంపే ప్రతి ఉచ్చూ మన చేత్తో మనమే తెరిచింది. గడియారం విషయంలో చేసిన తప్పే మళ్ళీ చేశాడు, ఎవడో చెప్తే నమ్మి చక్రం తిప్పేశాడు. వేరే గేమ్స్‌లో రాజుగారి కోటలో రంపపుచక్రాలు ఎందుకున్నాయి అని అడిగితే జవాబు ఉండదు. ఇక్కడ ఉంది.

నీళ్ళు తాగితే గాయాలు మానతాయి, అది ఇంకో చిన్న ముచ్చట. మందుసీసాలు, ఎర్ర డబ్బాలు ఏమీ లేవు. ఎక్కడ ఊటబావి ఉన్నా, కొలను ఉన్నా ఆగి దోసిలి పట్టి తాగాలి. ఫైట్ అయిపోయాక దూరంగా నీటి చప్పుడు వినపడితే ప్రాణం లేచొస్తుంది. ఆట సాగేకొద్దీ రాకుమారుడి బట్టలు చిరుగుతూ పోతాయి, చొక్కా చేతులు పోయి, చొక్కానే పోయి, చివరికి వచ్చేసరికి మనిషి మొదట్లో మనం చూసినవాడిలా ఉండడు.

ఫరా గురించి రాయకుండా ఈ రివ్యూ అవ్వదు. విల్లు పట్టుకుని మనతో వస్తుంది, మనం పట్టలేని గోడ పగుళ్ళలోంచి దూరి అవతల మీట నొక్కుతుంది, ఫైట్లలో బాణాలేస్తుంది. ఆమె ప్రాణం పోతే మనం ఓడినట్టే కాబట్టి ఒక కన్ను ఆమె మీద ఉంచాల్సిందే. వాళ్ళిద్దరి మాటలే ఈ గేమ్‌కి ప్రాణం. పోట్లాడుకుంటారు, దెప్పుకుంటారు, ఒకరు లేనప్పుడు ఇంకొకరి గురించి తమలో తాము గొణుక్కుంటారు. రాకుమారుడు గోడలెక్కుతూ ఫరాని పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందో తనలో తను లెక్కలేసుకుంటుంటే నవ్వొస్తుంది, ముద్దొస్తాడు కూడా. ఎక్కడా ఆగి సినిమా చూపించరు, పరిగెడుతుండగానే ఈ మాటలు నడుస్తాయి. అందుకని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి, ఫైటింగ్ గోలలో మంచి మాటలు చాలా కొట్టుకుపోతాయి.

లోపాలు కూడా ఉన్నాయి, దాచను. ఫైట్లు ఎక్కువ. శత్రువు తల మీంచి పల్టీ కొట్టి వెనక నుంచి నరకడం మొదటి గంటలో బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత అదే పని, అదే పల్టీ. ఒక గుంపుని పడగొట్టామనుకుంటే గాల్లోంచి ఇంకో గుంపు దిగుతుంది, అది అయ్యాక ఇంకోటి. చివర్లో లిఫ్టు మీద ఒక ఫైట్ ఉంది, ఆడినవాళ్ళెవరైనా దాని పేరెత్తితే మొహం చిట్లిస్తారు, ఇరుకు జాగా, చుట్టూ పిశాచాలు, మధ్యలో ఫరాని కాపాడుకోవాలి, ఇసుక చాలదు. నాకు అక్కడ చేతులకి చెమటలు పట్టాయి. కెమెరా కూడా సరిగ్గా దూకబోయే క్షణంలో తిరిగిపోయి, కుడి అనుకున్నది ఎడమ అవుతుంది. రివైండ్ ఉంది కాబట్టి బతికిపోయాం.

సంగీతం స్టువర్ట్ చాట్‌వుడ్‌ది. పర్షియా తంత్రీవాద్యాల వెనకాల రాక్ గిటార్. రెండూ కలవవేమో అనిపిస్తుంది, బాగా కలిశాయి. ఫైట్లు విసిగించినా ఆ డ్రమ్స్ కోసం ఆడాను.

ఇక్కణ్ణుంచి చివరి భాగం చెప్తున్నాను, ఆడని వాళ్ళు, ఆడదామనుకునేవాళ్ళు కింద కొనే విషయం రాసిన చోటికి వెళ్ళిపోండి.

పైనుంచి కింద పడి, ఇద్దరూ చీకటి సమాధిలో చిక్కుకుంటారు. భయపడుతున్న ఫరా తన చిన్ననాటి సంగతి చెప్తుంది. భయం వేసినప్పుడు ఒక మాట అంటే రహస్య ద్వారం తెరుచుకుంటుందని వాళ్ళమ్మ చెప్పిందట, ఆ మాట కకోలుకియా. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని అంటుంది. కాసేపటికి ఆమె కనపడదు. చీకట్లో మెట్లు, ఎటు చూసినా ఒకేలాంటి ద్వారాలు, ఏ ద్వారంలోకి వెళ్ళినా మళ్ళీ అక్కడికే వస్తాం. మ్యాప్ లేదు, బాణం గుర్తు లేదు. నెట్ సెంటర్లో స్పీకర్లు లేని సిస్టమ్ మీద ఇక్కడికొచ్చి ఆగిపోయినవాళ్ళు ఎంతమందో. కిటుకు ఏంటంటే చెవి పెట్టాలి. ఒక్కో ద్వారం దగ్గరా ఆగి వింటే, ఒకదాంట్లోంచి మాత్రం నీళ్ళ చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు పట్టుకుని ఒక్కో గుమ్మమూ దాటితే వెలుగూ, స్నానాల కొలనూ, ఫరా. అన్ని గంటలుగా నీటి చప్పుడు వింటే ప్రాణం కుదుటపడటం గేమ్ మనకి అలవాటు చేసింది, ఆ అలవాటునే ఇక్కడ దారిగా వాడింది. దీన్ని రాసినవాళ్ళకి దండం పెట్టాలి.

అక్కడ నిద్రపోయి లేచేసరికి ఫరా లేదు, బాకు లేదు. తన పతకం మాత్రం వదిలి వెళ్ళింది, అది లేకపోతే అతను కూడా పిశాచమైపోతాడు కాబట్టి. చేతిలో కొత్త కత్తి, ఒక్క దెబ్బకే పిశాచం పడిపోతుంది. బలం పెరిగింది, కానీ రివైండ్ పోయింది. గడియారమున్న బురుజు బయట గోడల మీద, ఆకాశం కింద ఎక్కుకుంటూ పోవాలి, పడితే పడినట్టే. గేమ్ అంతా ఆ బటన్ మీద వేలు పెట్టి బతికాం, ఇప్పుడు వేలు అలవాటుగా అక్కడికే పోతుంది, ఏమీ జరగదు. అతను పోగొట్టుకున్నది ఏంటో మన చేతికే తెలిసేలా చేశారు. నాకు ఈ గేమ్‌లో అన్నిటికంటే టెన్షన్ పెట్టిన చోటు ఇదే, ఒక్క పిశాచం లేకపోయినా.

పైన ఫరా అంచు మీద పడిపోతూ ఉంటే అతను చెయ్యి చాచి బాకుని అలుగు దగ్గర పట్టుకుంటాడు, అరచెయ్యి తెగుతుంటుంది, ఆమె పిడి పట్టుకుని వేలాడుతుంటుంది. అది చూసి ఆమే వదిలేస్తుంది. అతను ఏడుస్తూ బాకుని గడియారంలో గుచ్చితే కాలం మొత్తం వెనక్కి తిరిగిపోయి, కోట మీద దాడి జరగడానికి ముందు రాత్రికి వచ్చిపడతాడు. ఇంకా ఏ తప్పూ జరగలేదు. ఫరా బతికే ఉంది, అతనెవరో ఆమెకి తెలియదు. ఆమె గదికి ఎక్కి వెళ్తాడు. బాల్కనీ, తెర. అప్పుడు తెలుస్తుంది ఇంతసేపూ అతను కథ చెప్పింది మనకి కాదు, ఆమెకి. మొదటిసారి ఇది చూసినప్పుడు వెనకాల నించున్న మా నలుగురిలో ఒక్కడూ మాట్లాడలేదు. చెప్పి ప్రయోజనం ఉందా అంటే ఉంది, వజీరు ద్రోహం గురించి ఆమెని హెచ్చరించాలి. కానీ ఆమె నమ్మదు, నన్ను చిన్నపిల్లననుకున్నావా అంటుంది. ఎందుకు నమ్ముతుంది? ఆమె తనకోసం ప్రాణం వదిలిన సంగతి ఆమెకే గుర్తులేదు, మోస్తున్నది అతనొక్కడే. వజీరుని చంపి బాకు ఆమె చేతిలో పెట్టేస్తాడు, అది కేవలం కథేలే అంటాడు. నీ పేరైనా చెప్పు అని ఆమె అడిగితే, కకోలుకియా అని పిలువు అని చెప్పి వెళ్ళిపోతాడు. ఆమె ఎవరికీ చెప్పని మాట. ఆమె మొహం చూడండి అప్పుడు.

ఇంతటి ముగింపు తర్వాత కథ కొనసాగించకుండా ఉండాల్సింది. 2004లో వారియర్ వితిన్ వచ్చింది, చీకటి, రక్తం, హెవీ మెటల్, రాకుమారుడు కోపిష్టి. ఫైట్లు దానిలోనే బాగుంటాయని మా స్నేహితుల్లో సగం మంది ఇప్పటికీ వాదిస్తారు, ఫైట్ల వరకు నేనూ ఒప్పుకుంటాను, కానీ కథ చెప్పే ఆ గొంతు అందులో లేదు. 2005లో ద టూ త్రోన్స్ కాస్త సర్దింది. ఇంకో పార్ట్‌కి వేసిన ఆలోచనలే మారి 2007లో అసాసిన్స్ క్రీడ్ అనే వేరే గేమ్ అయ్యాయి, దానికీ డెజిలేనే. కాబట్టి గోడలెక్కే ఆ హీరోలందరికీ ఇల్లు ఇదే. శాండ్స్ ఆఫ్ టైమ్‌కి రీమేక్ చేస్తున్నామని యూబీసాఫ్ట్ 2020లో ప్రకటించినప్పుడు, పని మన పుణె, ముంబై స్టూడియోల చేతిలో ఉందని తెలిసి చాలా సంతోషపడ్డాను. మహారాజు కోటతో మొదలయ్యే కథ మనవాళ్ళ చేతికి రావడం బాగుందనిపించింది. తర్వాత తేదీలు జరుగుతూ పోయి, 2022లో అది మాంట్రియల్‌కి వెళ్ళిపోయింది. బాధేసింది.

కొనే విషయం. పీసీ వెర్షన్ ఆన్‌లైన్‌లో గేమ్స్ అమ్మే స్టీమ్‌లోనూ, జీఓజీలోనూ దొరుకుతుంది, సేల్ పెట్టినప్పుడు చాలా తక్కువకే వస్తుంది, నేను అలాగే కొన్నాను. వైడ్‌స్క్రీన్‌కి సొంతంగా సపోర్ట్ లేదు, అభిమానులు చేసిన ప్యాచ్ వేసుకోవాలి, వేసుకోకపోతే పక్కల నల్లపట్టీలతోనో, సాగదీసిన బొమ్మతోనో ఆడాలి. ఎనిమిది నుంచి పది గంటల్లో అయిపోతుంది, అనవసరమైన తిరుగుడు లేదు, సైడ్ మిషన్లు లేవు, రెండు వారాంతాలు చాలు. వంద గంటల గేమ్స్ కొని సగంలో వదిలేస్తున్నవాళ్ళకి ఇది మందు. ఫైట్ల కోసమే గేమ్స్ ఆడేవాళ్ళకి మాత్రం నేను చెప్పను, మీకు నచ్చదు. పిల్లలతో కలిసి ఆడాలనుకునేవాళ్ళు పదమూడు పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళతో అయితే మేలు, కొలను సన్నివేశం ఉంది, తండ్రితో ఫైట్ ఉంది. వాళ్ళకి ఇంగ్లీషు అందకపోతే పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి, అర్థం కానిచోట అల్లేసినా ఏం ఫరవాలేదు.